బండ చూసి గోడ

మౌలాలి రైల్వే క్వార్టర్స్ వెనక
రేకుల కప్పు కమ్యూనిటీ హాలు.
పొద్దున ఐదున్నరకి తాళం తీస్తే
ముందు పావురాలు లేస్తాయి, తర్వాత దుమ్ము.
పద్నాలుగు చాపలు పరుస్తాను.
పద్నాలుగు ఒళ్లు వస్తాయి.
ఒక్కటీ గోడమీది పటంలో మనిషిది కాదు.

ఆ పటం నాకు శిక్షణలో ఇచ్చారు.
మడమ, మోకాలు, తుంటి, చెవి
అన్నీ ఒకే గీత మీద.
వాడికి పొట్ట లేదు, కాన్పు లేదు,
గ్యాస్ బండ మోసిన భుజం లేదు.
మూడేళ్లు నేను వాడినే నమ్మాను.

ఎల్లేశం గారు ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సు కండక్టరు.
ఆయన కుడి తుంటి
ఇప్పటికీ ఏదో సీటుకి ఆనుకునే నిలబడుతుంది.
"రెండు పాదాల మీదా సమంగా" అంటాను.
"సమంగనే ఉన్న గదమ్మా" అంటాడు,
ఎవరో బ్రేకు వేసినట్టు ముందుకు తూలి.

ఖమరున్నీసా
కుట్టుమిషను దగ్గరే మెడ మరిచి వస్తుంది.
తల ఎత్తమంటే కళ్లు మాత్రం ఎత్తుతుంది.
ఫ్లోరెన్స్ గారి మోకాళ్లలో స్టీలు.
వజ్రాసనం అనగానే నవ్వుతుంది:
"నాది వజ్రం కాదు టీచర్, స్టెయిన్‌లెస్."
హిమజ వెన్ను ఎక్స్‌రేలో చూశాను.
కమాను దగ్గరి రోడ్డులా
ఎడమకి పోయి, ఏదో గుర్తొచ్చినట్టు కుడికి తిరిగింది.
ఆ పిల్లకి పదహారు.
"నిటారుగా" అనే మాట
ఆ హాల్లో నేనిక వాడను.

బుచ్చిరాములు మేస్త్రీ నడుం నొప్పికని వచ్చాడు.
మొదటి రోజంతా మూలన నిలబడి
నేను మోచేతులు లాగడం, భుజాలు నెట్టడం,
చూపుడు వేలితో గాల్లో గీతలు గీయడం చూశాడు.
చివర్లో అడిగాడు:
"మేడం, మన మౌలాలిల గోడ లేపాల్నంటె
మొదలు గుండు దారం ఇడుస్తమా?"
ఏమో అన్నాను.
"మొదలు బండ చూస్తం.
అది ఎటు ఒరిగింది, ఎంత లోతుకు పోయింది,
దాన్ని అడిగి రాయి పెడ్తం.
గుండు ఆఖర్ల."

మర్నాడు సిమెంటు సంచీలో ఎనిమిది ఇటుకలు తెచ్చాడు,
కడిగి, ఒక్కోదానికీ పాత చీర గుడ్డ చుట్టి.
త్రికోణాసనంలో నేల అందని చేతుల కింద
ఇప్పుడు అవే ఉంటాయి.
ఎల్లేశం గారికి రెండు,
హిమజకి ఒకవైపే, అదీ సగం ముక్క.
తాకే ముందు అడుగుతున్నాను:
ఎక్కడ లాగుతోంది?
"ఇధర్" అంటుంది ఖమరున్నీసా,
నేను అనుకున్న చోటికి జానెడు దూరంలో.

బుచ్చిరాములు ఒక్క ఏడాది ముందొచ్చి ఉంటే...
వద్దు, అది సాకు.

తులశమ్మ.
బద్ధకోణాసనంలో ఆమె ఎడమ మోకాలు
నేలకి ఇంకా అంత ఎత్తున ఆగింది.
పటంలో మోకాలు నేలకి తగిలి ఉంది.
నా అరచేయి వేసి నొక్కాను.
తొడ ఎముక తన గూట్లో
ఎలా కూర్చుని ఉందో నేనెన్నడూ చూడలేదు.
చిన్న చప్పుడు,
చిక్కుడుకాయ తుంచినట్టు.
"ఏం కాలే" అంది. చాప చుట్టింది.
మళ్లీ రాలేదు.
ఫోను రెండుసార్లు చేశాను, మూడోసారి చేయలేదు.

మొన్న అంగడిలో కనిపించింది.
బీరకాయల కుప్ప ముందు,
ఎడమ కాలు కాస్త పక్కకి జరిపి
ఒక చేయి తొడమీద ఆన్చి
నిండు బిందె దించినంత నెమ్మదిగా వంగింది.
పాదం చూశాను, తుంటి చూశాను, అలవాటు.
సరిచేయడానికి నాకేమీ దొరకలేదు.
అనాల్సిన మాట గొంతుదాకా వచ్చి
"కిలో ఎంతట?" అయి బయటపడింది.
"నలభై. ముదిరినయ్, చూసి తీస్కో" అంది,
కొంచెం పక్కకి జరిగి
నాకు చోటిస్తూ.